కిరణ్ బేడీ - ఇందిరాగాంధీ కారు కథ నిజమేనా? అసలు ఆవిడ కెరీర్‌ని ఎలా చూడాలి?

కాజా_కాకినాడ అడిగిన ప్రశ్న:

మహిళా దినోత్సవం రోజు మా ఫ్యామిలీ గ్రూపులో ప్రతి ఏడూ వచ్చే ఫార్వర్డే మళ్లీ వచ్చింది. ఇందిరాగాంధీ కారు నో పార్కింగ్‌లో ఉంటే కిరణ్ బేడీ క్రేన్ తెప్పించి లాగించేసిందట, ఇందిరమ్మ ఇంటికి పిలిచి టిఫిన్ పెట్టి మెచ్చుకుందట. దాని కిందే మా పెద్దమ్మ కొడుకు ఇంకోటి పెట్టాడు. అందులోనూ అదే కారు, అదే క్రేన్, కానీ ఇందిరమ్మ కక్ష కట్టి గోవాకి తోలేసిందట. రెండూ నిజమయ్యే ఛాన్స్ లేదు కదా. మా బాబాయ్ ఏఎస్సైగా రిటైరయ్యారు, ఆయన మామూలుగా గ్రూపులో గుడ్ మార్నింగ్ తప్ప ఏమీ పెట్టరు, ఆ రోజు మాత్రం "ఆ చలానా రాసిన ఎస్సై పేరు మీలో ఒక్కరికైనా తెలుసా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి. మా అక్క కూతురు సివిల్స్‌కి చదువుతోంది. ఇంటర్వ్యూ దాకా వెళ్తే, నీకు ఆదర్శం ఎవరని అడిగితే కిరణ్ బేడీ పేరే చెబుతానంటోంది. బాబాయేమో ఆ పేరు చెబితే ఎదురుగా కూర్చున్న పెద్దాఫీసర్లు లోపల్లోపల నవ్వుకుంటారు, ఆవిడ పోలీసు కంటే పబ్లిసిటీ ఎక్కువ అంటున్నారు. పిల్ల అలిగి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కారు కథలో నిజమెంత? అది పక్కన పెడితే 35 ఏళ్ల సర్వీసులో ఆవిడ నిజంగా చేసిందేమిటి? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి. రాజకీయాలు వద్దు అని అడగను, ఎలాగూ తెస్తారు.

---

ఢిల్లీ_తెలుగోడు:

కారు సంగతి నేను చెబుతాను, ఇక్కడ కరోల్‌బాగ్‌లో ఉన్నప్పట్నుంచీ ఈ కథ వింటున్నాను.

1982 ఆగస్టు. కన్నాట్ ప్లేస్‌లో ప్రధాని కార్యాలయానికి చెందిన ఒక తెల్ల అంబాసిడర్ రాంగ్ పార్కింగ్‌లో ఉంది. చలానా రాసింది నిర్మల్ సింగ్ అనే ఎస్సై. మీ బాబాయ్ అడిగిన పేరు అదే. కిరణ్ బేడీ అప్పుడు ట్రాఫిక్ డీసీపీ, అంటే ఆ ఎస్సైకి చాలా పై అధికారి, ఆవిడ స్పాట్‌లో లేరు. ఇందిరాగాంధీ కూడా లేరు, ఆ రోజుల్లో విదేశీ పర్యటనలో ఉన్నారు. కాబట్టి ఇద్దరు మహిళలు రోడ్డు మీద ఎదురుబొదురు నిలబడ్డ సీన్ మన వాట్సాప్ డైరెక్టర్లు తీసిందే. 2015 ఢిల్లీ ఎన్నికలప్పుడు నిర్మల్ సింగే మీడియా ముందుకొచ్చి ఆ చలానా రాసింది నేను అని చెప్పాడు. ఆవిడా కాదనలేదు. ఆవిడ వాటా ఏమిటంటే, పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు తన ఎస్సైని బలి చేయకుండా వెనకేసుకురావడం. నన్నడిగితే క్రేన్ కంటే అదే పెద్ద విషయం, కానీ ఫార్వర్డ్‌లో అది బాగోదు కదా.

మరి ఆ క్రేన్ ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఆవిడ ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు అడ్డదిడ్డంగా పెట్టిన బళ్లను నిజంగానే క్రేన్లు పెట్టి ఎత్తించేవారు, ఎవరి బండి అని చూసేవారు కాదు, దాంతో ఢిల్లీ జనం 'క్రేన్ బేడీ' అని పేరు పెట్టేశారు. ఆ పేరూ ఈ చలానా కలిసి ఒక కథ అయిపోయాయి.

టిఫిన్ కూడా నిజమే. కాకపోతే కారు తర్వాత కాదు, దానికి ఏడేళ్ల ముందు. 1975 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఢిల్లీ పోలీసు దళం, అందరూ మగవాళ్లే, దానికి ముందు నడిచింది ఈవిడ. అది చూసి ఇందిర మర్నాడు బ్రేక్‌ఫాస్ట్‌కి పిలిచారు. రెండు వేర్వేరు ముక్కలు తెచ్చి అతికించేశారు.

గోవా సంగతి కొంచెం లెక్క వేసి చూడండి. చలానా ఆగస్టులో. ఆ ఏడాది నవంబర్ 19 నుంచి డిసెంబర్ 4 దాకా ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగాయి, దేశం పరువంతా దాని మీదే పెట్టిన ఈవెంట్, అప్పుడు కూడా ట్రాఫిక్ చూసింది ఈవిడే. ప్రధానికి నిజంగా అంత కోపం ఉంటే ఆ పని ఈవిడ చేతిలో ఉంచేవారా? గోవాకి పంపింది 1983లో. నో పార్కింగ్‌లు, చలానాలతో ఢిల్లీ పెద్దమనుషుల్ని చాలామందిని ఇబ్బంది పెట్టింది, వాళ్లందరి ఏడుపూ కలిసి పని చేసి ఉండొచ్చు. ఒక్క కారు మీద తోసేయడం నాకైతే నమ్మబుద్ధి కాదు.

---

బాటసారి_కడప:

మా ఊళ్లో విజయశాంతి పోలీసు డ్రెస్‌లో వచ్చిన సినిమా ఆడాక ఏ అమ్మాయి జుట్టు క్రాఫ్ కొట్టించుకున్నా "ఏమే కిరణ్ బేడీ" అనేవాళ్లు. ఆవిడ ఎవరో, ఏ రాష్ట్రమో మాకు తెలీదు. పేరు మాత్రం ఇంటింటా తెలుసు. ఒక పోలీసు ఆఫీసరు పేరు సామాన్య జనం నోట్లో అలా నానడం ఆవిడకి ముందు నేనైతే చూడలేదు. ఇంతకంటే నాకు తెలిసింది లేదు, థ్రెడ్ ఫాలో అవుతున్నా.

---

వకీలు_సుధ:

కారు గురించి మాట్లాడుకున్నన్నాళ్లు ఢిల్లీ తిహార్ జైలు గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. కాజా గారూ, మీ మేనకోడలికి చెప్పండి, ఆ పేరే చెప్పాలనుకుంటే తిహార్ గురించి చదువుకుని వెళ్లమనండి.

1993 మేలో ఆవిణ్ని జైళ్ల ఐజీగా వేశారు. అప్పట్లో పోలీసు శాఖలో జైళ్లంటే ఎవరూ కోరుకునే పోస్టు కాదు. మనవాళ్ల భాషలో లూప్‌లైన్. అంతకు ముందు కొన్ని నెలలు పోస్టింగే ఇవ్వకుండా కూర్చోబెట్టారు కూడా. తిహార్ అప్పుడు సుమారు 2,500 మందికి కట్టిన జైలు, లోపల ఉన్నది 8,000 మందికి పైగా. వాళ్లలో అత్యధికులు విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కానివాళ్లు. బెయిల్‌కి జామీను ఇచ్చే దిక్కు లేక, కేసు పిలుపు రాక, పడాల్సిన శిక్ష కంటే ఎక్కువ కాలం లోపలే మగ్గిపోయేవాళ్లు. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తాను, ఇవాళ్టికీ మన జైళ్లలో ఇదే కథ, అందుకే ఆవిడ చేసిన పనుల్లో కొన్ని చిన్నవిగా కనిపించినా నాకు వాటి విలువ తెలుసు.

ఉదాహరణకి పిటిషన్ బాక్స్. జైల్లో ఖైదీ ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? వార్డర్‌కి. ఫిర్యాదు ఎవరి మీద? ఆ వార్డర్ మీదే. ఇక ఎవడు చేస్తాడు? ఆవిడ తాళం వేసిన పెట్టెని బారక్ బారక్‌కీ తిప్పించారు, తాళం చెవి లోపలి సిబ్బంది చేతిలో ఉండదు, కాగితం నేరుగా ఐజీ ఆఫీసుకి పోతుంది, అందినట్టు ఖైదీకి రసీదు వస్తుంది, తర్వాత జవాబు వస్తుంది. అంతే. ఇందులో పెద్ద టెక్నాలజీ లేదు, బడ్జెట్ లేదు. కానీ కొట్టేవాడికి, ములాఖత్‌కి డబ్బులడిగేవాడికి, బయటి నుంచి సరుకు తెచ్చి అమ్మేవాడికి వెన్నులో వణుకు పుట్టించేది ఆ పెట్టే.

చదువు ఇంకొకటి. చదువొచ్చిన ఖైదీలతోనే రానివాళ్లకి పాఠాలు చెప్పించారు. 1994లో ఇగ్నో స్టడీ సెంటర్ తిహార్ లోపలే పెట్టారు, లోపల కూర్చుని డిగ్రీ చేసుకోవచ్చు. ఆడవాళ్ల వార్డులో తల్లులతో పాటు చిన్నపిల్లలుంటారు, ఏ నేరమూ చేయని పిల్లలు, వాళ్లకి బడి లాంటిది ఏర్పాటు చేశారు. స్వచ్ఛంద సంస్థల్ని లోపలికి రానిచ్చారు, జైలు గేటు అంత బార్లా తీయడం అప్పట్లో ఎవరూ ఊహించలేదు. బీడీ, సిగరెట్ నిషేధించారు, దాని మీద లోపల పెద్ద గొడవే అయింది, ఎందుకంటే జైల్లో బీడీ అంటే డబ్బు లాంటిది, దానితో ఏదైనా కొనొచ్చు. ఆ మార్కెట్ పడిపోతే ఎవరికి నష్టమో వాళ్లే అరిచారు.

విపశ్యన ధ్యానం గురించి అందరికీ కొంచెం తెలుసు. 1994 ఏప్రిల్‌లో ఆ ధ్యానం నేర్పే గురువు గోయెంకా గారు స్వయంగా వచ్చి వెయ్యి మందికి పైగా ఖైదీలకి పది రోజుల కోర్సు నడిపారు. నోరు విప్పకుండా పది రోజులు, జైల్లో! దీన్ని చూసి ఇది ఆశ్రమమా జైలా అని వెక్కిరించినవాళ్లున్నారు. మనిషి లోపల పడున్న రోజుల్ని ఏదో ఒకదానికి వాడుకోనివ్వడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కాదు. ఒక మాట, జైల్లో విపశ్యన ఆవిడ కనిపెట్టింది కాదు, 1975లోనే జైపూర్ జైల్లో చేశారు. ఆవిడ చేసింది ఆ స్థాయిలో చేయడం. అదే ఏడు మెగసెసే అవార్డు వచ్చింది, ప్రభుత్వ సేవ విభాగంలో. మర్నాటి ఏడు మేలో అక్కణ్నుంచి తప్పించారు. సరిగ్గా రెండేళ్లు.

అన్నీ ఒప్పులే అనను. పేరుమోసిన నేరస్థుడు చార్లెస్ శోభరాజ్‌కి టైప్‌రైటర్ వాడుకోనిచ్చారని పెద్ద రచ్చ అయింది, పేరున్న ఖైదీల విషయంలో ఆవిడ మరీ ఉదారంగా ఉన్నారన్న విమర్శలో పస ఉంది. ఫోటోలూ కెమెరాలూ లోపలికి రావడం ఎక్కువైందన్న మాటా నిజమే. కానీ ఆ కెమెరాల వల్లే అక్కడ మనుషులున్నారని దేశానికి తెలిసింది.

---

పాత_హెడ్డు:

నేను శాఖలో 33 ఏళ్లు చేసి దిగినవాణ్ని. కాజా గారి బాబాయ్ మాటని అంత తేలిగ్గా తీసేయకండి. కింది ర్యాంకుల్లో చేసినవాడికి ఒక బాధ ఉంటుంది, ఎండలో నిలబడి చలానా రాసేది ఒకడు, పేపర్లో ఫోటో ఒకరిది. అది కిరణ్ బేడీ గారి తప్పని నేననను, ఈ డిపార్ట్‌మెంటు పుట్టుకే అంత.

కానీ ఆవిడ సర్వీసులో మెచ్చుకునేవాళ్లు దాటేసే చాప్టర్ ఒకటుంది. 1988 జనవరి, ఢిల్లీ తీస్ హజారీ కోర్టు. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో దొంగతనం చేస్తూ దొరికాడని ఒక లాయర్‌ని పట్టుకుని, చేతికి సంకెళ్లు వేసి కోర్టుకి తీసుకెళ్లారు. లాయర్లు భగ్గుమన్నారు, సమ్మె మొదలైంది. ఆ నెల 21న ఆవిడ ఆఫీసు బయట లాయర్ల మీద లాఠీచార్జి. ఫిబ్రవరిలో ఒక కౌన్సిలర్ వెంట వచ్చిన గుంపు కోర్టు ఆవరణలో పడి లాయర్ల ఛాంబర్లు పగలగొట్టింది, పోలీసులు చూస్తూ ఊరుకున్నారని ఆరోపణ. జస్టిస్ వాధ్వా కమిటీ వేశారు, ఆ రిపోర్టు సంకెళ్లనీ లాఠీచార్జినీ రెండింటినీ తప్పుపట్టింది. ఆవిడ మాత్రం చివరిదాకా నా మనుషులు చేసింది సరే అన్నారు. పైన సోదరుడు ఎస్సైని వెనకేసుకొచ్చారని మెచ్చుకున్నాడే, అదే గుణం ఇక్కడా పనిచేసింది. కాకపోతే ఫలితం వేరే. సుధ గారు వకీలు కదా, ఈ ముక్క ఎందుకు వదిలేశారో!

రెండోది, ట్రాన్స్‌ఫర్లన్నీ శిక్షలే అని పాట పాడతారు. ఆవిడది కేంద్రపాలిత ప్రాంతాల క్యాడర్. ఇప్పుడు అరుణాచల్, గోవా, మిజోరం కూడా అందులోనే ఉన్నాయి. గోవా 1987 దాకా కేంద్రపాలిత ప్రాంతమే. ఆ క్యాడర్‌లో చేరినవాడు ఢిల్లీలో కొన్నాళ్లు, గోవాలో కొన్నాళ్లు, ఈశాన్యంలో కొన్నాళ్లు తిరగాల్సిందే, మన దగ్గర ఎస్పీ ఆదిలాబాద్ నుంచి చిత్తూరు వెళ్లినట్టు. ప్రతిదానికీ వనవాసం అంటే ఎలా?

మిజోరంలో ఉన్నప్పుడు కూతురికి అక్కడి కోటాలో ఢిల్లీ మెడికల్ కాలేజీ సీటు వచ్చింది. రూల్ ప్రకారం అక్కడ పనిచేసే అధికారుల పిల్లలు అర్హులే. కానీ అక్కడి విద్యార్థులు మా సీటు మీరెలా తీసుకుంటారని వీధుల్లోకొచ్చారు. 1992లో మిజోరం వదిలి రావాల్సి వచ్చింది. కాగితం మీద తప్పు లేదు. సున్నితమైన రాష్ట్రంలో పెద్ద హోదాలో ఉన్నవాళ్లు కాగితం ఒక్కటే చూసుకుంటే సరిపోతుందా?

ఇన్ని చెప్పాను కాబట్టి ఇంకోటి చెప్పకపోతే పాపం. 1978 నవంబర్‌లో ఇండియా గేట్ దగ్గర అకాలీల ఊరేగింపు. నిరంకారీలనే ఇంకో మత వర్గం మీద కోపంతో కత్తులు దూసుకుని వస్తున్నారు. గుంపు మీద పడేసరికి బందోబస్తులో ఉన్న ప్లటూన్ చెదిరిపోయింది. ఆవిడ లాఠీ ఒక్కటే పట్టుకుని అడ్డం నిలబడ్డారు. దానికి రాష్ట్రపతి శౌర్య పతకం వచ్చింది. గుంపుని ఎదుర్కొన్నవాళ్లకి తెలుసు, పక్కన మనిషి వెనక్కి తగ్గినప్పుడు మన కాళ్లు ఏం చేస్తాయో. అది పబ్లిసిటీ కోసం చేసేది కాదు.

---

వకీలు_సుధ:

పాత హెడ్డు గారూ, కావాలనే వదిలేశాను, మీరు తెస్తారని తెలుసు. సంకెళ్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కారణం లేకుండా బేడీలు వేయకూడదని. అప్పటికి ఎనిమిదేళ్లయింది, డీసీపీ స్థాయి అధికారికి తెలియదనుకోలేం.

అయినా మనిషి ఒక్కరే. 1988లో అరెస్టయిన మనిషి హక్కుల దగ్గర అంత మొండిగా ఉన్నావిడ 1993లో ఖైదీకి రసీదు ఇప్పించారు. ఈ రెండూ ఎలా కుదిరాయో ఎవరైనా ఆవిణ్ని సూటిగా అడిగి ఉంటే బాగుండేది.

---

ఖాకీ_చెల్లెలు:

నేను 2010 తర్వాత సెలెక్టయిన మహిళా ఎస్సైని, పేరు ఊరు అడక్కండి.

అందరూ ఆవిడ పొరపాట్లూ గొప్పలూ మాట్లాడుతున్నారు గానీ 1972లో ఆవిడ చేరడం ఏమిటో ఎవరూ అనుకోవట్లేదు. ఐఏఎస్‌లో మహిళ 1951లోనే వచ్చింది, అన్నా రాజం. ఐపీఎస్‌కి ఇంకో 21 ఏళ్లు పట్టింది. కలెక్టర్ కుర్చీలో ఆడమనిషిని ఊహించుకోగలిగిన దేశం లాఠీ పట్టుకున్న ఆడమనిషిని ఊహించుకోలేకపోయింది. అమృత్‌సర్ అమ్మాయి, టెన్నిస్‌లో ఆసియా టైటిల్ గెలిచిన మనిషి, కాలేజీలో పొలిటికల్ సైన్స్ లెక్చరర్, 80 మంది మగవాళ్ల బ్యాచ్‌లో ఒక్కతి. చాలామంది హైదరాబాద్ శివరాంపల్లి అకాడమీలో ట్రైనింగ్ అయ్యారనుకుంటారు. కాదు, అకాడమీ ఇక్కడికొచ్చింది 1975లో, ఆవిడ చేసింది రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో.

నాకు తెలిసిన కష్టం ఒకటి చెబుతాను. బందోబస్తుకి పంపితే పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా బాత్రూమ్ ఉండదు. మంచినీళ్లు తాగడం మానేస్తాం. ఇన్నివేల మంది ఆడవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఇవాళే ఈ పరిస్థితి. ఒక్కతే ఉన్న రోజుల్లో ఎలా ఉండి ఉంటుందో నేను ఆలోచించినప్పుడల్లా ఆవిడ దురుసుతనం నాకు అంత పెద్ద నేరంగా అనిపించదు. మెత్తగా ఉంటే ఆ రోజుల్లో టైపిస్టుల దగ్గర కూర్చోబెట్టేవాళ్లు.

ట్రైనింగ్‌లో మాకు ఆవిడ గురించి చెప్పిన ఒక సంగతి నాకు బాగా పనికొచ్చింది. 1979 ప్రాంతంలో వెస్ట్ ఢిల్లీలో ఉన్నప్పుడు సిబ్బంది చాలక, వార్డుకో నీలం రంగు బీట్ బాక్స్ పెట్టించి, ఫలానా టైముకి కానిస్టేబుల్ అక్కడ ఉండాలి, జనం వచ్చి చెప్పుకోవచ్చు అన్నారట. జనం స్టేషన్ గడప తొక్కడానికి భయపడతారు, ముఖ్యంగా ఆడవాళ్లు, బాక్స్ దగ్గర మాట్లాడతారు. నేను పనిచేసిన ఒక చోట వారానికోసారి సంత రోజున సంతలోనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ఒక ముసలమ్మ కొడుకు మీద చెప్పుకోవడానికి వచ్చింది, ఆ తర్వాత ఇంక లైనే.

---

యానాం_గోదారి:

రాజకీయాలు వస్తాయన్నారుగా, తెచ్చాను.

మాది పుదుచ్చేరి కింద ఉన్న యానాం. కాకినాడ పక్కనే ఉన్నా మా గవర్నమెంటు ఎక్కడో 800 కిలోమీటర్ల అవతల. కాబట్టి తెలుగువాళ్లలో కిరణ్ బేడీ గారి పాలన కింద బతికింది మేమే. 2016 మేలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా వచ్చారు. తెల్లారేసరికి కాలువలు, చెరువులు, డంపింగ్ యార్డులు తిరగడం, ఆఫీసర్లని వాట్సాప్ గ్రూపుల్లో నిలదీయడం, మొదటి ఏడాది జనానికి భలే నచ్చింది. పాత కాలువల్లో పూడిక తీయించిన మాట నిజం.

తర్వాత అసలు గొడవ. ముఖ్యమంత్రి నారాయణస్వామితో ప్రతి ఫైలు మీదా యుద్ధం. ఉచిత బియ్యం బియ్యంగానే ఇవ్వాలా, డబ్బుగా ఖాతాలో వేయాలా అన్నదాని మీదే ఏళ్లు గడిచిపోయాయి, మధ్యలో కార్డుదారుడి నోట్లో మట్టి. 2019 ఫిబ్రవరిలో హెల్మెట్ రూల్ అమలుకి ఆవిడే రోడ్డు మీద నిలబడి బళ్లు ఆపారు. 70 ఏళ్ల దగ్గర్లో ఉన్న గవర్నర్! అదే వారం ముఖ్యమంత్రి నల్లచొక్కా వేసుకుని రాజ్‌నివాస్ బయట రోడ్డు మీద పడుకుని ధర్నా చేశారు. దేశమంతా నవ్వింది. మా మంత్రి మల్లాడి కృష్ణారావుకీ ఆవిడకీ అసలు పడేది కాదు, యానాం ఫైళ్లు ఆగిపోతున్నాయని ఆయన, లెక్కలు చూపించమని ఆవిడ. ఎవరిది రైటో మాకు తేలలేదు, రోడ్డు మాత్రం పడలేదు.

మద్రాస్ హైకోర్టులో ఒక జడ్జి రోజువారీ పాలనలో గవర్నర్ జోక్యం కూడదన్నారు, ఏడాది తిరక్కుండానే డివిజన్ బెంచ్ ఆ తీర్పు కొట్టేసింది. 2021 ఫిబ్రవరి 16న ఆవిణ్ని తప్పించి తెలంగాణ గవర్నర్ తమిళిసై గారికి అదనపు బాధ్యత ఇచ్చారు. వారం తిరక్కుండా నారాయణస్వామి ప్రభుత్వం కూడా పడిపోయింది.

నా అభిప్రాయం, ఆవిడ గవర్నర్‌గా వచ్చినా లోపల డీసీపీయే. డీసీపీ చూసిన తప్పుని అక్కడికక్కడే సరిచేయాలి. గవర్నర్ అలా చేస్తే ఎన్నికైన ప్రభుత్వం ఎందుకు?

---

ఢిల్లీ_తెలుగోడు:

యానాం భాయ్ చెప్పిన చివరి మాట 2015కీ సరిపోతుంది. జనవరి మధ్యలో బీజేపీలో చేరారు, నాలుగైదు రోజుల్లో సీఎం అభ్యర్థి. పార్టీలో ఏళ్ల తరబడి జెండా మోసినవాళ్లు మొహాలు మాడ్చుకున్నారు, ఆవిడేమో వాళ్లతో మీటింగ్‌లో స్టేషన్ రోల్‌కాల్ తీసుకున్నట్టు మాట్లాడేవారు. 70 సీట్లలో బీజేపీకి 3. హర్షవర్ధన్ ఏళ్లుగా గెలుస్తూ వచ్చిన కృష్ణానగర్‌లో ఆవిడే 2,277 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2011లో అన్నా హజారే పక్కన జెండా ఊపినప్పుడున్న పేరు నాలుగేళ్లలో అలా అయింది. మధ్యలో విమాన టికెట్ల గొడవ ఒకటి. రాయితీ మీద ఎకానమీలో వెళ్లి, పిలిచినవాళ్ల దగ్గర బిజినెస్ క్లాస్ డబ్బు తీసుకుంటున్నారని. తేడా నా సంస్థకే వెళ్లింది అన్నారు, తర్వాత వెనక్కిచ్చారు. అవినీతి వ్యతిరేక ఉద్యమంలో ఉన్నవాళ్లకి అది బాగా దెబ్బ.

---

కాజా_కాకినాడ:

అందరికీ ధన్యవాదాలు. నిర్మల్ సింగ్ పేరు గ్రూపులో పెట్టాను, బాబాయ్ మొదటిసారి బొటనవేలు ఎమోజీ కొట్టారు. మా మేనకోడలు థ్రెడ్ మొత్తం చదివింది. దానికి రెండు డౌట్లు: ఇంత పేరున్న ఆవిడ ఢిల్లీ పోలీస్ కమిషనర్ ఎందుకు కాలేదు? ఇంటర్వ్యూలో ఈ పేరు చెప్పొచ్చా, మానేయాలా?

---

పాత_హెడ్డు:

మొదటిదానికి నేను చెబుతాను. 2007లో ఢిల్లీ కమిషనర్ పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీ ప్రకారం ఆవిడ ముందున్నారు, ఇచ్చింది వై.ఎస్. దడ్వాల్‌కి, రెండేళ్లు జూనియర్. అప్పటికి ఆవిడ ఐక్యరాజ్యసమితిలో పోలీసు సలహాదారుగా చేసి వచ్చి, పోలీసు పరిశోధన బ్యూరోకి డీజీగా ఉన్నారు. ర్యాంకు పెద్దది, చేతిలో ఒక్క స్టేషన్ లేదు. అన్యాయం అని బహిరంగంగా అన్నారు, ఆ ఏడాది చివర్లో వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకున్నారు, సర్వీసు ఇంకా ఉండగానే.

కారణం కింద రెండు మాటలు వినిపిస్తాయి. ఆడమనిషి అని ఇవ్వలేదు అని ఒకటి, ఎవరి మాటా వినదని ఇవ్వలేదు అని ఇంకొకటి. ఢిల్లీ కమిషనర్ నేరుగా కేంద్ర హోంశాఖ కింద ఉంటాడు, రోజూ పదిసార్లు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎత్తి "సరే సార్" అనే మనిషి వాళ్లకి కావాలి. ఈవిడ అనదని అందరికీ తెలుసు. ఇచ్చి ఉంటే ఎలా చేసేవారో చూడాలని మాత్రం నాకూ ఉండేది.

---

వకీలు_సుధ:

రెండోదానికి నేను. చెప్పొచ్చు, భేషుగ్గా చెప్పొచ్చు. కాకపోతే కారుతో మొదలుపెట్టొద్దు, బోర్డు వాళ్లు ఆ జవాబు వెయ్యిసార్లు విని ఉంటారు. పిటిషన్ బాక్స్ గురించి చెప్పి, అది ఎందుకు పనిచేసిందో తన మాటల్లో చెప్పమనండి. వెంటనే "మరి 1988 సంగతేంటి?" అని వస్తుంది, తప్పకుండా వస్తుంది. అక్కడ ఆవిణ్ని వెనకేసుకురావద్దు. కమిటీ తప్పుపట్టింది, నేనూ తప్పే అనుకుంటున్నాను అని చెప్పి ఆగిపోవాలి. పుదుచ్చేరి గురించి అడిగితే గవర్నర్ అధికారాల మీద హైకోర్టులో జరిగింది రెండు వైపులా చదువుకుని వెళ్లాలి, అది పాలిటీ ప్రశ్న కింద కూడా పనికొస్తుంది.

---

ఖాకీ_చెల్లెలు:

చెల్లెమ్మకి ఇంకో మాట. ఐపీఎస్ వస్తే జైళ్ల పోస్టింగ్ పడినప్పుడు ఏడవొద్దని చెప్పండి. మా దగ్గర ఒక మేడమ్‌కి పడితే నెల రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు.